కొత్త కుల్లాయి పాతబడిన వైనం

మగ్గం లేకుండా గుడ్డ తయారవుతుందని ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో పకపకా నవ్వి ఉండేవాళ్ళు. మా చింతామణి ఊళ్ళో పుట్టినవాళ్ళకు నూలూ పట్టూ కొత్త సంగతులు కావు. పట్టుగూళ్ళ బుట్టలు మా ఇంటి ముందు నుంచే సంతకు పోయేవి. పడుగేదో పేకేదో చెప్పలేని ఆడపిల్ల మా వీధిలో లేదు. అట్లాంటిది, మా శాలెకు, అంటే బడికి, కొత్తగా వచ్చిన టీచరమ్మ కుర్చీలో కూచుని, రెండు పుల్లలూ ఒక దారపుండా పట్టుకుని, మాతో మాట్లాడుతూనే జానెడు గుడ్డ పుట్టించింది. పడుగు లేదు, పేక లేదు. ఒకే దారం తనలో తాను చిక్కుకుంటూ గుడ్డ అయిపోతూ ఉంది. నేను నోరు తెరుచుకుని ఆమె పక్కన నిలబడిపోయాను. ఇంటిగంట కొట్టినా కదల్లేదు.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏది చూసినా ఎందుకు, ఎట్లా అని అడక్కపోతే అన్నం సయించదు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, "దీన్ని ఎవురు చేసుకుంటారో గాని, వాని చెవులు చిల్లులు పడతాయి" అనేది. ఆ సాయంత్రం ఆ జబ్బుతోనే టీచరమ్మను అడిగాను, దారం కొస పట్టుకుని లాగితే ఏమవుతుందని. ఆమె నవ్వి, లాగి చూపించింది. జానెడు గుడ్డా కళ్ళ ముందే దారమై ఆమె ఒళ్ళో పడింది. అంత పనీ పాడైపోయిందే అని నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టింది.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. బెంగళూరులో సిపాయిల కోసం స్వెటర్లు అల్లే ఆడవాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఉన్నిని టీచరమ్మ అడిగి తెచ్చింది. అందుకని మాకు దొరికిందంతా ఖాకీ రంగే. ఇనుప సూదులు ఎక్కడా దొరకలేదు. బుట్టలల్లే ఆయన వెదురు పుల్లల్ని సన్నగా చెక్కి, నూనె రాసి నున్నగా చేసి ఇచ్చాడు. నేను అల్లిన మొదటి ముక్క నలుచదరంగా మొదలై మూడు మూలలుగా ముగిసింది. నాయన దాన్ని చూసి, తన అంగడిలో చింతపండు కట్టేదానికి పనికొస్తుందన్నాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

టీచరమ్మ మంగళూరు వైపు మనిషి. చిన్నప్పుడే అమ్మానాయన పోతే హాస్టల్లో పెరిగింది. పెళ్ళి కాలేదు. మాట కన్నడం, మాతో వేగలేక కొంచెం తెలుగు నేర్చుకుంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగిన తమాషా అంతా ఆమెకు మా ఇళ్ళలోని ఒక పద్ధతి తెలియకపోవడం వల్లే వచ్చింది.

ఆమె మాకు అల్లిక ఊరికే నేర్పలేదు. మా ఊరి ఆసుపత్రిలో అప్పట్లో ఉన్నదంతా ఒకే హాలు. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు, మధ్యలో ఒక చాప వేలాడదీసి ఉండేది. కాన్పుకు పోయినా ఆ చాప చాటునే. అక్కడి డాక్టరమ్మ, పెరట్లో కాన్పుల కోసం వేరేగా ఒక గది కట్టించాలని పట్టుబట్టి కూచుంది. యుద్ధం అయిపోనీ చూద్దాం అన్నారు పైవాళ్ళు. బిడ్డలు యుద్ధం అయ్యేదాకా కడుపులో ఆగుతారా అని డాక్టరమ్మ మండిపడింది. ఆమె, టీచరమ్మ స్నేహితులు. ఇద్దరూ కూచుని ఒక ఉపాయం ఆలోచించారు. శాలె పిల్లలు పసిబిడ్డలకు కుల్లాయిలూ మేజోళ్ళూ అల్లాలి. కుల్లాయి అంటే చెవులు మూసి, గడ్డం కింద కట్టే పసిబిడ్డ టోపీ. వాటిని సంతలో ఊరికే ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు తమకు తోచింది డబ్బాలో వేస్తారు. ఆ డబ్బుతో గది లేస్తుంది.

ఊరికి అది గది. మా ఇంటికి మాత్రం అది మా అత్త ప్రాణం. నాయన చెల్లెల్ని బాగేపల్లిలో ఇచ్చారు. మొదటి కాన్పులో బిడ్డ ఏడవనే లేదు. రెండోసారి పుట్టిన మగబిడ్డ పురుడు తీరకముందే పోయాడు. రెండు కాన్పులూ మా ఇంట్లోనే, గాలి దూరని నడిమింటి గదిలోనే జరిగాయి. ఇప్పుడు మళ్ళీ కడుపుతో పుట్టింటికి వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఈసారి ఆసుపత్రికే రావాలి, ఇంట్లో వద్దే వద్దు అని గట్టిగా చెప్పింది. అత్తకూ పోవాలనే ఉంది. అవ్వ ఒప్పుకోలేదు.

"చాప చాటున, నలుగురు మొగోళ్ళు వింటాండగా నా బిడ్డను పండబెట్టేదా? గది కట్టమను. దానికి తలుపు పెట్టమను. అప్పుడు నేనే చెయ్యి పట్టుకొని పిల్చుకపోతా" అంది అవ్వ.

"కట్టేలోపల కాన్పు వచ్చేస్తే?" అన్నాను నేను.

"నీ నోట్లో మన్ను పొయ్య" అంది.

అత్త ఎప్పుడూ ఏమీ అనేది కాదు. వీధిలో ఎవరికైనా కడుపు పండి గాజులు తొడిగే వేడుక జరిగితే, పేరంటానికి పిలిచేది అందర్నీ, కానీ బిడ్డలు నిలవని మనిషి చేతి గాజులు ఎవరూ తొడిగించుకోరు. ఆ మాట ఎవరూ పైకి అనరు. అత్త తనంతట తానే లేచి, పనున్నట్టు పెరట్లోకి పోయేది. ఒకసారి నేను వెనకాలే పోయి చూశాను. తొట్టిలో నీళ్ళు నిండుగా ఉన్నా ఇంకో బిందె తోడి పోస్తూ ఉంది. ఆ పొద్దు నాకు ఊళ్ళోని ఆడవాళ్ళందరిమీదా కోపం వచ్చింది.

అందుకే నేను పగబట్టినట్టు అల్లాను. వానలు వెనకబడి చలి మొదలయ్యేసరికి మా శాలెలో కుల్లాయిలు గుట్టగా పడ్డాయి. సంతనాడు బస్సులు ఆగే చోట బల్ల వేసుకుని, కుల్లాయిలు పరిచి, పక్కన డబ్బా పెట్టుకుని కూచున్నాం. జనం విరగబడి వచ్చారు. వచ్చారు, చూశారు. కుల్లాయిని వేళ్ళకు తొడిగి తిప్పారు, సాగదీశారు, మగ్గం లేకుండా ఎట్లా చేసినారమ్మా అని నోరు తెరిచారు. దిబ్బూరహళ్ళి నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. మళ్ళీ పద్ధతిగా మడిచి, ఎక్కడిది అక్కడ పెట్టి పోయారు. ఒక్కరంటే ఒక్కరు తీసుకోలేదు.

టీచరమ్మ ముఖం చిన్నబోయింది. నాకేమో జబ్బు తిరగబెట్టింది. ఎందుకు తీసుకోవడం లేదు?

ముందు నాయన్ని అడిగాను. ఆయన అంగడి బుద్ధితో ఆలోచించి, "ధర చెప్పని సరుకును ఎవురు నమ్ముతారమ్మా? ఊరికే ఇస్తాండారంటే ఏందో మోసం ఉండాది అనుకుంటారు" అన్నాడు. అది నిజమే అనిపించి, తర్వాతి సంతకు ఒక ధర రాసి పెట్టాం. అప్పుడూ ఎవరూ తీసుకోలేదు. రంగు బాగలేదేమో అని మా అమ్మ అంది. ఖాకీ చూస్తే పోలీసోడు గుర్తొస్తాడట. పసుపు కలిపి ఉడికించాం. ఖాకీ పోయి, ఏ రంగో చెప్పలేని రంగు వచ్చింది. దాన్నీ చూసి, మెచ్చుకుని, పెట్టేసి పోయారు. సంతలో ఒక ఆమెను నేనే పట్టుకుని అడిగాను. నిండు చూలాలు ఆమె. కుల్లాయిని చూసినప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి, అది నేను చూశాను.

"అక్కా, నీకు కావల్ల కదా, ఎందుకు తీసుకోవు?"

ఆమె చుట్టూ చూసి, "మళ్ళా వస్తాలే పాపా" అని, కడుపుమీద చెయ్యి వేసుకుని, భయపడినట్టు గబగబా పోయింది. వద్దనడం అర్థమవుతుంది. కావాలనుకుంటూ భయపడటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఎవరూ తీసుకోని కుల్లాయిల్లోంచి, నేను మొదట అల్లినదాన్ని నేనే ఇంటికి తెచ్చాను. ఒక పక్క పోగు జారి చిన్న చిల్లు ఉంది, వరస ఒకచోట వంకర పోయింది. అయినా అది నా చేతిది. పుట్టబోయే బిడ్డకని అత్త చేతిలో పెట్టాను. అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. వేలితో ఆ చిల్లును తడిమింది. అంతలో అవ్వ వచ్చింది.

ఇల్లు దద్దరిల్లిపోయింది. అవ్వ అంతగా అరవడం నేను అంతకుముందు వినలేదు. "పుట్టని బిడ్డకు కొత్త బట్టా! ఇంట్లోకి తెస్తావా! ఎవురు నేర్పినారే నీకు!" అని కుల్లాయిని లాక్కుంది. అప్పుడు తెలిసింది నాకు. బిడ్డ భూమ్మీద పడకముందు ఆ బిడ్డ పేరున ఏదీ ఇంట్లోకి తేకూడదు. తెస్తే కన్ను పడుతుంది. పుట్టిన తర్వాత కూడా మొదటి బట్ట కొత్తది కాకూడదు. ఈ సంగతి ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ తెలుసు. పైకి చెబితేనే కీడని ఎవరూ చెప్పరు. అందుకే మాబోటి పిల్లలకు తెలియదు, హాస్టల్లో పెరిగిన టీచరమ్మకు అసలే తెలియదు. ఊరంతా తెలిసిన సంగతిని దాచిపెట్టి, మమ్మల్ని రంగులు ఉడికించుకోనిచ్చారే అని నాకు ఒళ్ళు మండింది. దాంతోపాటు, కారణం దొరికిందన్న సంతోషం కూడా కలిగింది.

కానీ అసలు వింత ఆ తర్వాత జరిగింది. అవ్వ చేతిలో కుల్లాయి ఉంది. ఇంట్లో ఉంచకూడదు. పసిబిడ్డ బట్ట కాబట్టి పారేయనూ కూడదు. అవ్వ దాన్ని చెంగు చాటున పెట్టుకుని వీధిలోకి నడిచింది. నేను వెనకాలే పోయాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కూరగాయల మండీ ఆయన సంసారం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలంతా రాళ్ళలాగా ఉన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆఖరువాడు అప్పుడప్పుడే బోర్లా పడుతున్నాడు. బుగ్గలు ఎంత లావంటే కళ్ళు కనపడేవి కావు. అవ్వ పోయి, వాళ్ళమ్మతో మెల్లిగా ఏదో చెప్పి, వాడి తలకు కుల్లాయి తొడిగింది. వాడు గుక్కపెట్టాడు. అవ్వ వాణ్ణి ఒళ్ళో ఊపుతూ కాసేపు కూచుని, కుల్లాయి తీసుకుని ఇంటికి వచ్చేసింది.

"అవ్వా, ఏం చేసినావు?"

"పాతది చేసినా" అంది. "బతికిన బిడ్డ ఏసుకున్నేది. ఇంక ఇది కొత్తది కాదు, ఆ బిడ్డది."

ఆ కుల్లాయిని ఏం చేసిందో, ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే అప్పటికే నేను టీచరమ్మ ఇంటివైపు పరుగెత్తుతున్నాను.

టీచరమ్మ అంతా విని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇన్నాళ్ళూ వాళ్ళను భయపెడుతూ కూచున్నానా నేను" అని కన్నడంలో తనలో తాను అనుకుంది. మర్నాడే కుల్లాయిలన్నీ బుట్టకెత్తుకుని మండీ వాళ్ళింటికి పోయాం. వాళ్ళమ్మ ముందు బెట్టు చేసింది. తన బిడ్డే ఎందుకు కావాల్సి వచ్చాడో చెప్పేసరికి మురిసిపోయి, వాణ్ణి తెచ్చి మా ఒళ్ళో వేసింది. ఒకటి తొడగడం, తీయడం, ఇంకోటి తొడగడం. మేజోళ్ళు కూడా. వాడు కాసేపు ఏడ్చాడు, కాసేపు నవ్వాడు, ఆఖరికి విసుగెత్తి నిద్రపోయాడు. నిద్రలోనే మిగతావి తొడిగాం. నెత్తినిండా చెమటకాయలు లేచాయి పాపం. వాళ్ళమ్మ చందనం పూసి, ప్రతి సాయంత్రం దిష్టి తీసింది.

ఆ వారం సంతలో బల్ల దగ్గర ఎవరూ అరిచి చెప్పలేదు. మండీ ఆమె బిడ్డను చంకనేసుకుని వచ్చి ఊరికే మా పక్కన కూచుంది, అంతే. ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఒక ముసలామె వచ్చి, బిడ్డ తొడను గిల్లి చూసి, "ఇవన్నీ వీడు ఏసుకున్నేటివేనా?" అని అడిగింది. అవునన్నాం. ఒక కుల్లాయి తీసుకుని చెంగున కట్టుకుని, డబ్బాలో చిల్లర వేసింది. ఇక చూడాలి. పోయినసారి భయపడి పోయిన నిండు చూలాలు కూడా వచ్చింది. నా ముఖం చూడకుండా కుల్లాయి తీసుకుంది, తీసుకున్నాక చూసి నవ్వింది. చిక్కబళ్ళాపురం బస్సు వాళ్ళు కొన్ని పట్టుకుపోయారు. బాగేపల్లికి కొన్ని పోయాయి. ధర రాసిన అట్టను టీచరమ్మ చించేసింది. ధర లేకుండానే డబ్బా బరువెక్కింది.

ఆసుపత్రి పెరట్లో గోడలు లేచాయి. నేను రోజూ శాలె విడిచాక పోయి చూసి వచ్చి అత్తకు చెప్పేదాన్ని. ఈరోజు కిటికీదాకా వచ్చింది అత్తా, ఈరోజు దూలం ఎక్కించినారు అత్తా. అత్త అప్పటికి నడవలేకపోయేది. గోడ ఎంత లేచిందో చెయ్యెత్తి చూపించమనేది. పెంకులు కప్పారు. గుమ్మం నిలబెట్టారు. తలుపుకు మాత్రం చెక్క దొరకలేదు. మంచి చెక్కంతా యుద్ధానికి పోతాండాదని వడ్రంగి రేపూ మాపూ అంటూ వచ్చాడు.

తలుపు రాకముందే అత్తకు నొప్పులు వచ్చాయి. పుష్యమాసం, చలిగాలి వీస్తున్న మధ్యాహ్నం. మా అమ్మ నడిమింటి గదిలో చాప పరిచింది. అత్త ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి అడుగు వేయలేదు. గోడ పట్టుకుని, అవ్వను చూస్తూ నిలబడింది. అవ్వ కూడా ఆమెను చూస్తూ ఉండిపోయింది. తలుపు లేదు కాబట్టి అవ్వ ఒప్పుకోదు, అవ్వ ఒప్పుకోకపోతే అత్త ఆ గదిలోకే పోవాలి.

అవ్వ నాయనవైపు తిరిగింది. "సరుకు గది తలుపు ఎత్తప్పా" అంది.

నాయనకు అర్థం కాలేదు. "ఏ తలుపమ్మా?"

"మన సరుకు గదిదే. ఎత్తి బండిలో ఏయి. తలుపు కావల్లంటే ఆ డాక్టరమ్మ యాడ తెస్తాది? మనమే తీసకపోదాం."

"లోపల సరుకుంది గదమ్మా, బెల్లమూ..."

"బెల్లం పోతే పోనీరా!" అని అరిచింది అవ్వ. "నా బిడ్డ వస్తే సాలు."

మా ఇంటి తలుపులు పాతకాలపువి, గుంటల్లో తిరిగేవి. నాయన, అంగడి మనిషి కలిసి ఒక రెక్కను పైకెత్తి ఊడదీశారు. బండిలో గడ్డి పరిచి అత్తను పండబెట్టారు. పక్కన తలుపు. అవ్వ ఒక చేత్తో కూతుర్నీ, ఇంకో చేత్తో తలుపునూ పట్టుకుని కూచుంది. సంత వీధిలో జనమంతా ఆగి చూశారు. ఎవరేమనుకుంటారో అని జీవితమంతా భయపడిన మనిషి ఆ పొద్దు ఎవరివైపూ చూడలేదు.

డాక్టరమ్మ తలుపును ఒకసారి చూసి, అత్తను లోపలికి తీసుకుపోయింది. కొత్త గది గుమ్మానికి మా తలుపు సరిపోలేదు. గుమ్మానికి ఆనించి నిలబెడితే జారిపోతూ ఉంది. అప్పుడు అవ్వ దానికి వీపు ఆనించి నేలమీద కూచుంది. లోపల కూతురు, బయట తల్లి, మధ్యలో సరుకు గది తలుపు. ఇంకా దానికి బెల్లం వాసన పోలేదు. పొద్దు వాలేదాకా అవ్వ లేవలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. లోపల అత్త అరిచినప్పుడల్లా అవ్వ వీపుతో తలుపును ఇంకా గట్టిగా నొక్కేది.

బిడ్డ ఏడుపు వినపడింది. గట్టి ఏడుపు. నేను ఎగిరి గంతేశాను. అవ్వ లేవాలని చూసి, మళ్ళీ కూచుంది. లేస్తే తలుపు పడిపోతుంది. కూచున్నచోటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నర్సు లోపలి నుంచి తలుపును కొంచెం జరిపి, చలిగా ఉంది, ఏమైనా బట్ట ఉందా అని చెయ్యి చాపింది. అవ్వ నడుం దగ్గర చెంగు ముడి విప్పింది. అందులోంచి నా కుల్లాయి బయటికి వచ్చింది. చిల్లుది, వంకర వరసది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉంచకుండా తన ఒంటిమీదే పెట్టుకుని తిరిగిందన్నమాట. దాన్ని నర్సు చేతిలో పెట్టి, "బతికిన బిడ్డదేనమ్మా" అంది.

మగపిల్లాడు. పురుడు తీరింది, బిడ్డ నిలిచాడు. తలుపు మాత్రం తిరిగి రాలేదు. వడ్రంగి దాన్ని కోసి ఆ గుమ్మానికే అమర్చాడు. మా సరుకు గదికి నాయన చాలాకాలం గోనెపట్టా కట్టుకున్నాడు.

ఉగాది దాటాక ఒకనాడు, మాకు ఏమాత్రం తెలియని ఒక పెద్దామె మా వాకిట్లో నిలబడింది. పరగోడు నుంచి బస్సులో వచ్చిందట. వెనక తలవంచుకుని ఆమె కోడలు, కడుపుతో ఉంది.

"మా పిల్లకు రెండు కాన్పులు పోయినాయమ్మా" అంది ఆ పెద్దామె అవ్వతో. "మీ ఇంట్లో బిడ్డ నిలిచినాడంట కదా. ఆ బిడ్డ ఏసుకున్న కుల్లాయి ఒకటి ఇస్తారేమో అని వచ్చినాం."

కడుపుతో ఉన్న మనిషి ఎవరో వచ్చిందని తెలియగానే అత్త, అలవాటు చొప్పున బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి పోబోతూ ఉంది. ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది.

అవ్వ వెనక్కి తిరిగి చూసింది. "నీ బిడ్డది. నువ్వే ఇయ్యల్ల" అంది.

అత్త వాకిట్లోకి వచ్చింది. బిడ్డ గడ్డం కింద ముడి విప్పింది. ముడి ఒక పట్టాన ఊడలేదు. నేను సాయం పోబోతే అవ్వ నా జడ పట్టుకుని ఆపింది. అత్త కుల్లాయి తీసి, వెచ్చవెచ్చగా ఉన్నదాన్ని ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల ఒంగి అత్త కాళ్ళకు మొక్కింది. కాళ్ళకు మొక్కించుకోవడం అత్తకు తెలియదు, ఎవరూ ఎప్పుడూ మొక్కలేదు. గబుక్కున ఆ పిల్లను లేపి, మా అమ్మను గాజులు తెమ్మని అడిగింది. పచ్చగాజులు తానే, తన చేత్తోనే, ఆ పిల్లకు తొడిగింది.

వాళ్ళు బస్సుకు పోయాక నాకు ఏడుపొచ్చింది. అది నా మొదటి కుల్లాయి. అత్త నా పక్కన వచ్చి కూచుంది. బిడ్డ బోడితలను నిమురుతూ, "ఉన్ని ఇంకా ఉండాదా మే?" అని అడిగింది.

"ఉంది. వీడికి ఇంకొకటి అల్లుతాలే అత్తా."

"ఒకటి సాలదు. ఎక్కువే అల్లు" అంది అత్త. "వీడు అన్నీ ఏసుకుంటాడు. ఇంకెవురన్నా వచ్చి అడిగితే, నేను ఇయ్యల్ల కదా."